స్పెయిన్‌లో ఇల్లుండి అక్కడ నివసించని యజమాని ఏటా కట్టవలసిన పన్నులు

స్పెయిన్ తీరప్రాంతంలో ఒక ఫ్లాట్ కొనుక్కొని, ఏడాదిలో మూడు నాలుగు వారాలు అక్కడ గడిపి, మిగతా కాలమంతా తాళం వేసి ఉంచే యజమానులలో చాలామంది, పురపాలక పన్ను బ్యాంకు ఖాతాలోంచి దానంతట అదే పోతోంది కనుక ఆ దేశానికి తాము చెల్లించవలసినదంతా చెల్లించేసినట్టేనని నిశ్చింతగా ఉంటారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. ఏటా కట్టవలసిన ముఖ్యమైన పన్నులు రెండు. ఒకటి ఊరికి, రెండవది దేశానికి. ఊరి పన్నుకు రశీదు తయారై వస్తుంది. దేశానికి కట్టవలసిన పన్నుకు మాత్రం ఎవరూ ఏ కాగితమూ పంపరు. యజమానే లెక్క వేసుకొని, ఫారం నింపి, గడువులోగా చెల్లించాలి. ఇల్లు ఏడాది పొడుగునా ఖాళీగా ఉన్నా, ఒక్క యూరో అద్దె రాకపోయినా ఈ రెండవ పన్ను తప్పదు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందుగా ఇది ఎవరికి వర్తిస్తుందో చూసుకోవాలి. ఒక క్యాలెండరు సంవత్సరంలో 183 రోజులకు మించి స్పెయిన్‌లో ఉన్నవారిని, లేదా తమ ఆర్థిక వ్యవహారాల ప్రధాన కేంద్రం స్పెయిన్‌లోనే ఉన్నవారిని ఆ దేశపు పన్ను చట్టం నివాసులుగా పరిగణిస్తుంది. వారి లెక్క పూర్తిగా వేరు. మిగిలినవారు నాన్ రెసిడెంట్లు. పౌరసత్వంతో దీనికి సంబంధం లేదు. స్పెయిన్ పౌరుడైనా వేరే దేశంలో స్థిరపడి ఉంటే, స్పెయిన్‌లో ఉన్న తన ఇంటికి నాన్ రెసిడెంట్ యజమానిగానే పన్ను కడతాడు. అన్నిటికీ ఆధారం విదేశీయులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే ఎన్‌ఐఈ. ఇల్లు కొన్నప్పుడే అది తీసుకొని ఉంటారు. భార్యాభర్తలిద్దరి పేర్లా ఇల్లు ఉంటే ఇద్దరికీ వేరువేరు ఎన్‌ఐఈలు ఉండాలి.

ఊరి పన్ను: ఐబీఐ

స్థిరాస్తి మీద పురపాలక సంఘం వేసే పన్నును అక్కడ ఐబీఐ అంటారు. జనవరి 1న ఇల్లు ఎవరి పేరున ఉంటే ఆ సంవత్సరం మొత్తానికి పన్ను బాధ్యత వారిదే. ఫిబ్రవరిలో ఇల్లు అమ్మేసినా పురపాలక సంఘం దృష్టిలో ఆ ఏడాది పన్ను కట్టవలసినది అమ్మినవారే. అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, కొన్నవారి దగ్గర ఇల్లు ఉన్న రోజులకు సరిపడే భాగాన్ని అమ్మినవారు వారినుంచి రాబట్టుకోవచ్చునని స్పెయిన్ సుప్రీం కోర్టు 2016లో తీర్పు ఇచ్చింది. కనుక కొనుగోలు పత్రం రాసుకునేటప్పుడే ఆ ఏడాది ఐబీఐ ఎవరు ఎంత భరించాలో స్పష్టంగా రాసుకోవడం మంచిది.

ఈ పన్నును ఇంటి మార్కెట్ ధర మీద కాక, భూమి రికార్డుల సంస్థ అయిన కతాస్త్రో నిర్ణయించిన విలువ మీద లెక్కిస్తారు. దాన్ని వాలోర్ కతాస్త్రాల్ అంటారు. సాధారణంగా ఇది మార్కెట్ ధర కంటే బాగా తక్కువగా ఉంటుంది. పట్టణ ఆస్తులకు పన్ను రేటును చట్టం నిర్దేశించిన హద్దుల మధ్య, అంటే మామూలుగా 0.4 శాతం నుంచి 1.1 శాతం వరకు, ప్రతి ఊరూ తనకు తానే నిర్ణయించుకుంటుంది. అందుకే ఒకే విలువ గల రెండు ఇళ్లకు పక్కపక్క ఊళ్లలో వేరువేరు పన్నులు పడవచ్చు.

వసూలు చేసే కాలం కూడా ఊరిని బట్టి మారుతుంది. ఊరు ప్రత్యేకంగా ఏమీ ప్రకటించకపోతే సెప్టెంబరు 1 నుంచి నవంబరు 20 వరకు అని చట్టం చెబుతుంది. కొన్ని ప్రాంతాల్లో పురపాలక సంఘాలు వసూలు పనిని జిల్లా స్థాయి సంస్థలకు అప్పగిస్తాయి. అలికాంతే ప్రాంతంలో చాలా ఊళ్ల తరఫున సూమా అనే సంస్థ వసూలు చేస్తుంది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ప్రతి సంవత్సరం యజమానికి విడిగా నోటీసు పంపవలసిన అవసరం అధికారులకు లేదు. సామూహిక ప్రకటన ఇస్తే చాలు. కాబట్టి ‘నాకు కాగితం అందలేదు’ అన్న వాదన నిలవదు. గడువు దాటితే 5 శాతం, ఆ తర్వాతి దశల్లో 10 శాతం, 20 శాతం అదనపు రుసుము పడుతుంది. చివరికి బ్యాంకు ఖాతాను జప్తు చేసే అధికారం కూడా వారికి ఉంది. వేరే దేశంలో ఉండే యజమాని ఈ పన్నును బ్యాంకు ద్వారా ఆటోమేటిక్‌గా చెల్లించే ఏర్పాటు చేసుకోవడమే సురక్షితం. అలా చేసినవారికి చట్టం అనుమతించిన మేరకు, అంటే 5 శాతం వరకు, కొన్ని ఊళ్లు తగ్గింపు కూడా ఇస్తాయి. ఖాతాలో డబ్బు ఉందో లేదో గడువు నెలకు ముందే చూసుకోండి.

దీనితో పాటు చెత్త సేకరణ రుసుము ఉంటుంది. 2022లో వచ్చిన వ్యర్థాల చట్టం, ఊళ్లన్నీ 2025 ఏప్రిల్ నాటికి దీన్ని ప్రత్యేక రుసుముగా అమలులో పెట్టాలని ఆదేశించింది కనుక, ఇంతవరకు ఈ బిల్లు రాని ఇళ్లకు కూడా కొత్తగా వచ్చి ఉండవచ్చు.

ఐబీఐ రశీదును కట్టగానే పక్కన పడేయకండి. అందులో నాలుగు వివరాలు వెతికి పెట్టుకోండి: ఇరవై అక్షరాలు, అంకెలు కలిసిన ఆస్తి గుర్తింపు సంఖ్య, వాలోర్ కతాస్త్రాల్, అందులో భూమికి ఎంత కట్టడానికి ఎంత అన్న విభజన, విలువను చివరిసారి సవరించిన సంవత్సరం. సవరణ సంవత్సరం రశీదులో కనిపించకపోతే పురపాలక సంఘాన్ని గాని కతాస్త్రోను గాని అడిగి తెలుసుకోవాలి. ఎవరూ బిల్లు పంపని రెండవ పన్నుకు కావలసిన ముడిసరుకంతా ఈ ఒక్క కాగితంలోనే ఉంది.

ఖాళీ ఇంటిపై ఆదాయపు పన్ను

స్పెయిన్ చట్టం ఆలోచించే తీరు ఇది: ప్రధాన నివాసం కాని ఇంటిని సొంత వాడకానికి ఉంచుకోవడం కూడా ఒక లాభమే, దానికి ఒక విలువ ఉంది, ఆ విలువను ఆదాయంగా భావించి పన్ను వేయవచ్చు. అక్కడ నివసించేవారికి కూడా రెండవ ఇంటిపై ఇదే సూత్రం వర్తిస్తుంది. నాన్ రెసిడెంట్ ప్రధాన నివాసం స్పెయిన్‌లో ఉండే అవకాశమే లేదు కనుక, అతని ఇల్లు ఎప్పుడూ రెండవ ఇల్లుగానే లెక్కకు వస్తుంది. చేతికి రూకైనా రాని ఇంటికి ఆదాయపు పన్ను ఏమిటని బాధపడేవారి ఆవేదన న్యాయమైనదే. అయినా చట్టం స్పష్టంగా ఉంది, కట్టక తప్పదు.

లెక్క ఇలా ఉంటుంది. వాలోర్ కతాస్త్రాల్‌లో 2 శాతాన్ని ఆ ఇంటి నుంచి వచ్చిన ఊహాత్మక ఆదాయంగా తీసుకుంటారు. ఆ ఊరిలో విలువలను పన్ను సంవత్సరంలోగాని దానికి ముందు పదేళ్లలోగాని సాధారణ సవరణ చేసి ఉంటే 2 శాతం బదులు 1.1 శాతం తీసుకుంటారు. సవరణ సంవత్సరం ఎందుకు కావాలో ఇప్పుడు అర్థమై ఉంటుంది: అది తెలియక 1.1 బదులు 2 రాస్తే దాదాపు రెట్టింపు పన్ను కడతారు. 2 రాయవలసిన చోట 1.1 రాస్తే బాకీ మిగిలిపోతుంది. పదేళ్ల గడువు ఏటా ముందుకు జరుగుతుంది కనుక పోయిన సంవత్సరం సరైన శాతం ఈ సంవత్సరం సరైనది కాకపోవచ్చు. పాత ఫారాన్ని చూసి కాపీ చేసే అలవాటు ప్రమాదకరం. ఇంటికి ఇంకా కతాస్త్రాల్ విలువ కేటాయించకపోతే, కొన్న ధరను, ప్రభుత్వం తనిఖీ చేసి నిర్ణయించిన విలువను పోల్చి, పెద్దదానిలో సగం మీద 1.1 శాతం లెక్కిస్తారు.

ఇలా వచ్చిన మొత్తం మీద పన్ను రేటు, యజమాని నివసించే దేశాన్ని బట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్ దేశాల్లోను, నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టెయిన్‌లలోను నివసించేవారికి 19 శాతం. మిగతా దేశాలవారందరికీ 24 శాతం. బ్రిటన్‌లో నివసించేవారు 2020 వరకు 19 శాతమే కట్టేవారు. బ్రెగ్జిట్ పరివర్తన కాలం ముగిశాక, 2021 నుంచి 24 శాతం వర్గంలోకి వచ్చారు. ఊహాత్మక ఆదాయం నుంచి ఏ ఖర్చునూ తీసివేయడానికి వీల్లేదు. ఐబీఐ, బీమా, బ్యాంకు రుణంపై వడ్డీ, అపార్టుమెంటు నిర్వహణ రుసుము, ఏదీ పనికిరాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. యూరోపియన్ యూనియన్‌కు బయట నివసించే దంపతులకు చెరిసగం వాటాతో ఒక ఫ్లాట్ ఉంది. దాని వాలోర్ కతాస్త్రాల్ 90,000 యూరోలు, విలువ సవరణ జరిగి పదేళ్లు దాటింది. 90,000లో 2 శాతం 1,800 యూరోలు. ఒక్కొక్కరి వాటా 900. దానిపై 24 శాతం అంటే 216 యూరోలు. ఇద్దరూ కలిసి ఏడాదికి 432 యూరోలు కట్టాలి. వారే ఐర్లండ్‌లోనో జర్మనీలోనో నివసిస్తూ ఉంటే ఒక్కొక్కరికి 171 యూరోలే అయ్యేది. అదే ఇంటి విలువ ఇటీవలి పదేళ్లలో సవరించి ఉంటే ఊహాత్మక ఆదాయం 990 యూరోలకు తగ్గి, 24 శాతం రేటు వద్ద ఒక్కొక్కరి పన్ను 118.80 యూరోలు అవుతుంది.

ఇల్లు సంవత్సరం మధ్యలో కొన్నా, కొన్ని వారాలు అద్దెకు ఇచ్చినా, రోజుల లెక్కన తగ్గించుకోవాలి. పై దంపతులు ఫ్లాట్‌ను జూలై, ఆగస్టు నెలల్లో, అంటే 62 రోజులు, అద్దెకు ఇచ్చారనుకుంటే మిగిలిన 303 రోజులకే ఊహాత్మక ఆదాయం లెక్కిస్తారు. 1,800ను 303తో గుణించి 365తో భాగిస్తే సుమారు 1,494 యూరోలు వస్తుంది. అద్దెదారు లేని ప్రతి రోజూ ఈ లెక్కలోకి వస్తుందని, యజమాని అక్కడ ఉన్నాడా లేదా అన్నది చూడరని గుర్తుంచుకోవాలి.

ఫారం నింపడం

ఈ పన్నుకు వాడే ఫారం పేరు మొదేలో 210. స్పెయిన్ పన్నుల సంస్థ అహెన్సియా త్రిబుతారియా వెబ్‌సైటులో అది దొరుకుతుంది. ఒక ఏడాదికి సంబంధించిన ఊహాత్మక ఆదాయపు ఫారాన్ని మరుసటి ఏడాది జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు ఎప్పుడైనా దాఖలు చేయవచ్చు. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా తీసుకునేలా ఆదేశం ఇవ్వదలచుకుంటే డిసెంబరు 23లోపే ముగించాలి. ఏడాది గడువు ఉందన్న ధీమాతోనే చాలామంది మరచిపోతారు. ఐబీఐ రశీదు చేతికి వచ్చిన వారంలోనే దీన్ని కూడా ముగించే అలవాటు చేసుకుంటే, అంకెలన్నీ కళ్లముందే ఉంటాయి. డిసెంబరు హడావుడీ ఉండదు.

ఫారంలో మొదట చూసుకోవలసినది ఆదాయ రకం. అద్దెకు ఇవ్వని పట్టణ ఇంటి ఊహాత్మక ఆదాయానికి సంకేతం 02. అద్దె ఆదాయానికి 01. తరువాత యజమాని పేరు, ఎన్‌ఐఈ, నివసించే దేశం, ఆ దేశంలో చిరునామా, అక్కడి పన్ను గుర్తింపు సంఖ్య రాయాలి. ఆపైన ఇంటి చిరునామా, రశీదులో చూసి తీసి పెట్టుకున్న ఇరవై అక్షరాల సంఖ్య వస్తాయి. ఆ సంఖ్యను ఒక్కొక్క అక్షరం పోల్చి చూసుకుంటూ రాయండి. సున్నా అంకెకూ ‘ఓ’ అక్షరానికీ తేడా పడితే కట్టిన పన్ను మీ ఇంటి పేరున జమ కాదు. చివరగా ఆదాయం గడిలో మీ వాటా మొత్తాన్ని మాత్రమే వేయాలి.

ఇక్కడ తరచుగా జరిగే తప్పులు రెండు. మొదటిది, దంపతులిద్దరికీ కలిపి ఒకే ఫారం వేయడం. ఊహాత్మక ఆదాయానికి ప్రతి యజమానీ తన వాటాకు తానే వేరుగా ఫారం వేయాలి. రెండవది, కారు పార్కింగు స్థలాన్ని గాని సామాన్ల గదిని గాని మరచిపోవడం. అవి ఇంటి సంఖ్య కిందే నమోదై ఉంటే ఇబ్బంది లేదు. వాటికి వేరే కతాస్త్రాల్ సంఖ్య, వేరే ఐబీఐ రశీదు ఉంటే మాత్రం అవి చట్టం దృష్టిలో వేరే ఆస్తులు. ఒక్కొక్కదానికీ వేరే ఫారం కావాలి. అంటే పార్కింగు విడిగా నమోదైన ఫ్లాట్‌కు భార్యాభర్తలు ఏటా నాలుగు ఫారాలు వేయాలన్నమాట.

డిజిటల్ సర్టిఫికెట్ లేనివారు ఫారాన్ని వెబ్‌సైటులో నింపి, తయారైన పత్రాన్ని ముద్రించుకొని, స్పెయిన్‌లోని బ్యాంకులో చెల్లించవచ్చు. దూరంలో ఉన్నవారికి ఖాతా నుంచి నేరుగా చెల్లింపు సులభం. ఇవన్నీ భారంగా తోస్తే హెస్తోర్ అని పిలిచే వృత్తి సహాయకుడికి అప్పగించవచ్చు. అప్పగించినా సరే, దాఖలైన ఫారం నకలు, చెల్లింపు రుజువు మీ దగ్గర ఉండాలని పట్టుబట్టండి. పన్ను బాధ్యత చివరికి యజమానిదే కాని సహాయకుడిది కాదు.

గత సంవత్సరాలవి కట్టలేదని ఇప్పుడు తెలిసినవారు కంగారు పడనవసరం లేదు, ఆలస్యం మాత్రం చేయకూడదు. అధికారుల నుంచి నోటీసు రాకముందే తమంతట తాము దాఖలు చేసినవారికి, 2021లో మారిన నియమం ప్రకారం, 1 శాతం అదనపు రుసుము, ఆలస్యమైన ప్రతి పూర్తి నెలకు మరో 1 శాతం చొప్పున పడుతుంది; పన్నెండు నెలలు దాటితే 15 శాతం, దానితో పాటు వడ్డీ. సకాలంలో చెల్లిస్తే ఆ రుసుములో 25 శాతం తగ్గింపు కూడా ఉంది. పై ఉదాహరణలోని 216 యూరోలను గడువు దాటిన మూడు పూర్తి నెలల తర్వాత కడితే రుసుము 4 శాతం, అంటే 8.64 యూరోలు, తగ్గింపు పోగా 6.48 యూరోలు. అదే అధికారులే ముందుగా కనిపెడితే జరిమానా పన్నులో 50 శాతం నుంచి మొదలవుతుంది. బాకీ అడిగే హక్కు సాధారణంగా గడువు ముగిసిన నాటి నుంచి నాలుగేళ్లకు తీరిపోతుంది కనుక, అంతకంటే పాతవి సాధారణంగా తిరగేయవలసిన అవసరం ఉండదు.

అద్దె వస్తే

అద్దెకు ఇచ్చిన రోజులకు ఊహాత్మక ఆదాయం బదులు నిజంగా వచ్చిన అద్దెపై పన్ను కట్టాలి. రేట్లు అవే: 19, 24. ఇంతకు ముందు మూడు నెలలకొకసారి దాఖలు చేయవలసి వచ్చేది. 2024 ఆదాయం నుంచి ఏడాది అద్దెను ఒకే ఫారంలో కలిపి, మరుసటి జనవరి 1 నుంచి 20 లోపు దాఖలు చేసే వెసులుబాటు వచ్చింది. ఊహాత్మక ఆదాయానికి డిసెంబరు దాకా గడువు ఉంటే, అద్దెకు ఉన్నది ఇరవై రోజులే. ఈ రెండింటినీ కలిపేసుకోవద్దు.

19 శాతం రేటు వర్తించే దేశాల నివాసులు అద్దెకు సంబంధించిన ఖర్చులను, ఐబీఐ, బీమా, వడ్డీ, మరమ్మతులు, కట్టడం విలువపై ఏటా 3 శాతం తరుగుదల వంటివాటిని, అద్దెకు ఇచ్చిన రోజుల నిష్పత్తిలో తీసివేసుకోవచ్చు. ఇతరులకు చట్టపాఠం ఈ సౌకర్యం ఇవ్వలేదు. వారు వచ్చిన మొత్తం అద్దెపై 24 శాతం కడుతూ వచ్చారు. 2025 జూలైలో స్పెయిన్ జాతీయ న్యాయస్థానం ఔదియెన్సియా నాసియొనల్ ఈ వివక్షను తప్పుపట్టింది కనుక, అద్దె ఆదాయం గణనీయంగా ఉన్నవారు బిల్లులన్నీ యజమాని పేరున, తేదీ వారీగా భద్రపరచి, గత సంవత్సరాల వాపసు విషయమై నిపుణుడితో మాట్లాడడం సమంజసం.

పెద్ద ఆస్తులకు

సంపద పన్ను చాలామందికి తగలదు. స్పెయిన్‌లోని నికర ఆస్తి, అంటే బ్యాంకు రుణం పోగా మిగిలినది, ఒక్కో వ్యక్తికి 7,00,000 యూరోలు దాటితేనే ఇది ఆలోచించాలి. ప్రాంతాన్ని బట్టి రాయితీలు మారతాయి. మాద్రిద్, అందలూసియా ప్రాంతాలు ఈ పన్నుకు పూర్తి రాయితీ ప్రకటించాయి. 30,00,000 యూరోలు దాటిన సంపదకు 2022లో కేంద్ర ప్రభుత్వం వేరే సంఘీభావ పన్ను తెచ్చింది.

మీరు నివసించే దేశంలో

స్థిరాస్తి ఉన్న దేశానికే దానిపై పన్ను వేసే మొదటి హక్కు అన్నది రెండుసార్లు పన్ను పడకుండా దేశాలు చేసుకునే ఒప్పందాలలో సాధారణ సూత్రం. అద్దె ఆదాయాన్ని మీ నివాస దేశంలో కూడా చూపి, స్పెయిన్‌లో కట్టిన పన్నును సర్దుబాటు కోరవచ్చు. ఊహాత్మక ఆదాయం సంగతి వేరు: మీ దేశం దానిపై పన్నే వేయకపోతే సర్దుబాటు చేసుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు, ఆ పన్ను పూర్తిగా మీ జేబు నుంచి పోయినట్టే. విదేశీ ఆస్తిని ఆదాయం లేకపోయినా రిటర్నులో ప్రకటించాలని కొన్ని దేశాలు కోరతాయి. ఆ నియమాన్ని విడిగా చూసుకోవాలి.

అమ్మేరోజు

ఏటా కట్టిన ఈ చిన్న మొత్తాల కాగితాలు ఎందుకు దాచుకోవాలో ఇల్లు అమ్మేటప్పుడు తెలుస్తుంది. నాన్ రెసిడెంట్ నుంచి కొనేవారు ధరలో 3 శాతం పట్టి ఉంచి, మొదేలో 211 ద్వారా ఒక నెలలోగా ప్రభుత్వానికి కట్టాలి. ఆ నెల గడువు ముగిసిన తర్వాత మూడు నెలల్లో అమ్మినవారు తమ లాభాన్ని చూపుతూ మొదేలో 210 వేసి, పన్ను కంటే ఎక్కువ పట్టి ఉంటే వాపసు కోరాలి. 2,00,000 యూరోలకు అమ్మిన ఇంటిపై పట్టి ఉంచేది 6,000 యూరోలు. వాపసు ఇచ్చే ముందు అధికారులు గత నాలుగేళ్ల ఊహాత్మక ఆదాయపు ఫారాలు ఉన్నాయో లేదో చూడగలరు. లేకపోతే ఆ బాకీ, రుసుము, జరిమానా అడుగుతారు. కనుక ప్రతి సంవత్సరానికి ఒక కవరు పెట్టుకొని, అందులో ఐబీఐ రశీదు, ప్రతి యజమాని మొదేలో 210 నకలు, బ్యాంకు చెల్లింపు రుజువు ఉంచండి. ఇల్లు కొన్నప్పటి నోటరీ ఖర్చు, రిజిస్ట్రేషన్ రుసుము, కొనుగోలు పన్ను, ఆ తర్వాత ఇంటిని మెరుగుపరచడానికి చేసిన పనుల బిల్లులు వేరే కవరులో ఉంచండి. లాభం లెక్కించేటప్పుడు వాటిని కొన్న ధరకు కలుపుకోవచ్చు.